ఇరవైతొమ్మిది లక్షల మీద బయ్యన్న కోపం

తనకల్లు బస్టాండులో టీ అంగడి పెట్టుకున్న బయ్యన్నకు ఒకే ఒక్క జబ్బు. నగరాల జనాభా తలుచుకుంటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. గట్టు తగాదాలతో కోపాలొచ్చిన వాళ్ళను చూశాం, ఆడబిడ్డ మాటలతో కోపాలొచ్చిన వాళ్ళను చూశాం. కలకత్తా తొంభై లక్షలు దాటిందని పొయ్యిలో కట్టె తీసి విసిరికొట్టినవాణ్ణి మాత్రం నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆ పాపంలో నాకూ భాగం ఉంది. నేను అక్కడి హైస్కూల్లో సోషలు అయివారిని. అంగడి గోడ మీద డెబ్భై ఒకటి నాటి లెక్కలు బొగ్గుతో రాసి ఉండేవి. బొంబాయి యాభై తొమ్మిది లక్షలు, మద్రాసు ముప్పై ఒకటి, హైదరాబాదు పద్దెనిమిది, బెంగుళూరు పదహారున్నర. ఎనభై ఒకటిలో కొత్త లెక్కలు పేపర్లో పడ్డప్పుడు, బుద్ధి లేక టీ తాగుతూ పైకి చదివాను.

"బెంగుళూరు ఇరవైతొమ్మిది లక్షలు, బయ్యన్నా. హైదరాబాదును దాటేసింది."

"ఎంతా?"

"ఇరవైతొమ్మిది."

టీ వడగట్టే గుడ్డ చేతిలో అట్లాగే ఉండిపోయింది. "పదేండ్లకు పన్నెండున్నర లచ్చలు ఎక్కువ. ఉత్త కానుపులకే అంతమంది అయితారా అయివారూ? మనోళ్ళు. నా బెంచీ మీద కూచోని టీ తాగి బస్సెక్కినోళ్ళు. కరువు మనది, జనం మనోళ్ళు, పెద్ద ఊరనే పేరు మాత్రం వాళ్ళదా?"

ఆ రోజు మొదలు బెంగుళూరు బస్సెక్కేవాడికి ఆ అంగట్లో ఉత్త టీ దొరకలేదు. తిట్లతో కలిపి దొరికేది.

"యాడికిరా?"

"బెంగుళూరికన్నా. చెనిక్కాయ పంట ఎండిపాయ."

"ఆడ ఇరవైతొమ్మిది లచ్చలుండారు. నువ్వు పోకుంటే ఆ ఊరు ఆగిపోతాదా?"

"కూలి దొరుకుతాదంట."

"ఏ వీధిలో? ఏ మేస్త్రీ కింద? నీకు తెలిసినోడు ఎవడుండాడు ఆడ?"

"ఎవరూ లేరన్నా."

"ఎవరూ లేని ఊరికి పోతాండావు, నీకేమన్నా తల తిరిగిందా?"

ఇంత విచారణ పోలీసు స్టేషన్లో కూడా ఉండదు. ఉగాదికి ఊరికొచ్చినవాణ్ణి కూడా వదలడు. యాడుండావు, ఏ వీధి, పక్కన ఎవురు అని నిలేసి అడిగి, వాణ్ణీ తిట్టేవాడు. పోయేవాణ్ణి చివర్లో చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయేవాడు. లోపల ఏం తిట్టేవాడో బయటికి వినపడేది కాదు. బూతులై ఉంటాయని మేం అనుకునేవాళ్ళం.

ఈ బాధ పడలేక కొందరు రెండు మైళ్ళు నడిచి ముందు స్టాపులో బస్సెక్కేవాళ్ళు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ రెండు సార్లు అట్లాగే ఎక్కాను. పెళ్ళికి పోయి రెండు రోజుల్లో వచ్చేస్తానన్నా ఊరుకునేవాడు కాదు. "ఆ రెండు దినాలూ మీరు వాళ్ళ లెక్కే గదా" అనేవాడు.

ఎనభై నాలుగులో వాన మళ్ళీ ఎగ్గొట్టింది. ఒక శనివారం గంగక్క సంచి పట్టుకుని అంగడి దగ్గరికొచ్చింది. మొగుడు వెంకటేశులు కూలికని బెంగుళూరు పోయి మూడు నెలలు. జాబు లేదు, కబురు లేదు.

"నేనే పోయి ఎతుక్కుంటానన్నా."

"ఇరవైతొమ్మిది లచ్చల్లోనా?"

"ఈపాటికి ఇంకా పెరిగుంటారు" అన్నాను నేను, నోరు ఊరుకోక. బయ్యన్న నన్ను చూసిన చూపుకు నేను గ్లాసు కింద పెట్టేశాను.

"వాడు నా కాడికి రాలేదే. బస్సు యాడెక్కినాడు?"

గంగక్క తల దించుకుంది. "ముందు స్టాపులో అన్నా. నువ్వు తిడతావని."

బయ్యన్న స్టూలు మీద కూలబడ్డాడు. తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం చూసి నాకు మొదటిసారి భయమేసింది.

"అయివారూ, రేపు ఆదివారం. గంగక్కతో మీరు పోండి. నేనైతే ఆ ఊర్లో కాలు పెట్టను" అని ఒక చీటీ రాసిచ్చాడు. 'యశ్వంతపురం మార్కెట్టు, రాగిముద్దలమ్మే తిమ్మమ్మ.' అంతే రాశాడు. అంత ఊరికి ఇంత చీటీతో మనిషిని పంపేవాణ్ణి ఏమనాలి? బస్సు దిగేదాకా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

తిమ్మమ్మ చీటీ చూడగానే ముద్దల గంప మీద గుడ్డ కప్పేసి లేచింది. "బయ్యన్న పంపించినాడా? ఇంకా కోపంగానే ఉండాడా?"

"తగ్గేదెప్పుడు?"

"నేనొచ్చేటప్పుడు గంటసేపు తిట్టినాడు సామీ. తిట్టి, లోపలికి పిలిచి మడివాళలో సుబ్బన్న పేరు రాసిచ్చినాడు. సుబ్బన్న లేకుంటే నేను ఏ వీధిలో పడుందునో."

సుబ్బన్నకు కబురు పోయింది. సుబ్బన్నకు బయ్యన్న ఇచ్చింది రంగన్న పేరున్న చీటీ అంట, రంగన్నకు మరొకరి పేరుదంట. సాయంత్రానికి పదకొండు మంది చేరారు. అందరూ ఆయన తిట్లు తిన్నవాళ్ళే. మా మేస్త్రీ కింద లేడని ఒకరు, ఆ పక్క నేను చూసొస్తానని ఒకరు, ఊరంతా పంచుకుని వెళ్ళారు.

సోమవారం మధ్యాహ్నానికి రంగన్న కబురు తెచ్చాడు. వెంకటేశులు జయనగరంలో గోడ కడుతూ జారిపడి, కాలు విరిగి, రేకుల షెడ్డులో రెండు నెలలుగా పడున్నాడు. వాడికి చదువు రాదు. జాబు రాసిపెట్టేవాడు లేడు. రంగన్న ఉండేది అక్కడికి రెండు వీధుల అవతల. సొంత ఊరి మనిషి రెండు వీధుల అవతల ఉండగా ఒక మనిషి రెండు నెలలు దిక్కు లేకుండా పడుండటమా? ఆ కోపం నాకు ఇప్పటికీ దిగలేదు. ఏళ్ళ తరబడి బడిలో వల్లె వేయించిన అంకెకు అర్థం నాకు ఆ షెడ్డులో తెలిసింది.

"నాలుగు తిట్లకు భయపడి ఈ కాలు తెచ్చుకుంటివా" అని గంగక్క మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది.

వాణ్ణి ఊరికి చేర్చాక బయ్యన్నను నిలదీశాను. "చీటీలిచ్చి ఆ ఊరిని పెంచుతున్నది నువ్వే కదయ్యా?"

"పోయేటోణ్ణి ఆపేదానికి నాతో కాలే. ఆడ దిగినాక, రాప్పా అనేటోడు ఒకడన్నా ఉండల్ల గదా" అని కసిరాడు. "ఈ సంగతి ఎవరికీ చెప్పాకండి. చీటీ దొరుకుతాదని ఊర్లో ఉన్నోళ్ళు గూడా పోతారు."

నేను చెప్పలేదు. గంగక్క ఊరంతా చెప్పింది.

వెంకటేశులు కాలు కుదురుకుంది గానీ వాన కుదురుకోలేదు. ఒకరోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంచులతో వచ్చి అంగడి ముందర నిలబడ్డారు. బెంగుళూరు బస్సు అప్పటికే వచ్చి ఉంది, కండక్టరు విజిలు వేస్తున్నాడు.

"పోతాండామన్నా" అన్నాడు వెంకటేశులు చేతులు కట్టుకుని. "తిట్టు."

బయ్యన్న వాణ్ణి పైనుంచి కింది దాకా చూసి, ఇంకో రెండు గ్లాసులు కడిగాడు.

"ఈ బస్సు పోనీ. నిన్ను తిట్టేదానికి ఇంత టైము చాలదు. కూచో."