నర్సమ్మ అడిగిన జాగ

మా వీధి నర్సమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. పొద్దున్నే చర్చికి కట్టుకోవాల్సిన చీర తీసి కుర్చీ మీద వేసుకుందట. కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. ఇక లేవలేదు. ఆ రోజు ఊళ్లో లేని నాకు ఫోన్ చేసిన ఆమె చెల్లెలి గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది. "నిన్ననే నాతోని ఫోన్ల కొట్లాడింది బిడ్డా, బీపీ గోలి ఏసుకున్నవా లేదా అని" అన్నది. నర్సమ్మకు ఎనభై దగ్గరపడ్డాయని నాకు తెలుసు. అయినా ఆ మాట నమ్మడానికి చాలాసేపు పట్టింది.

నర్సమ్మ పుట్టింది మిరుదొడ్డిలో, నర్సు ఉద్యోగమంతా చేసింది సిద్దిపేట సర్కారు దవాఖానలో. రిటైరయ్యాక మా ఇంటి ఎదురింట్లో ఉండేది. వీధిలో ముసలివాళ్లు వచ్చి గడపలో కూర్చుంటే మాట్లాడుతూనే వాళ్ల చేయి తన ఒళ్లోకి తీసుకుని గోళ్లు కత్తిరించేది. ఎవరు కనబడినా బాగున్నావా అని అడిగేది కాదు, నిద్ర పట్టిందా అని అడిగేది. ఎందుకని ఒకసారి అడిగాను. "బాగున్నవా అంటే అందరు బాగున్ననే అంటరు. నిద్ర పట్టిందా అంటే నిజం చెప్తరు" అన్నది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీదికొచ్చిన రోజులవి. పాత బస్టాండు దగ్గర ఒక కిరాయి గదిలో నేను చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడిపేదాన్ని. బంద్ పిలుపు వచ్చిన రోజు షట్టర్ దించుకుని కూర్చునేదాన్ని, లేని రోజు తెరిచేదాన్ని. రోడ్డుకు అటువైపు దీక్షల టెంటు ఉండేది. రోజూ కొందరు వంతులవారీగా అందులో నిరాహారంగా కూర్చునేవారు. వాళ్లలో పెద్దవయసు వాళ్లే ఎక్కువ.

ఒకరోజు నర్సమ్మ సెంటర్‌కు వచ్చింది. అరవై దాటినవాళ్ల ఆరోగ్యం గురించి, రోజువారీ అలవాట్ల గురించి హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఆన్‌లైన్‌లో అధ్యయనం మొదలుపెట్టారని, దవాఖానలో తనతో పనిచేసిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పిందట. ఏం తింటారు, ఎంత నడుస్తారు, ఏ మందులు వాడతారు, ఒంటరిగా అనిపిస్తుందా అని కంప్యూటర్‌లోనే అడుగుతారు. కొన్ని నెలలకోసారి మళ్లీ అడుగుతారు.

"హైదరాబాదుల కంప్యూటర్లున్న ముసలోళ్లు ఎట్లనన్న చేరుతరు. మనోళ్లను ఎవలు చేర్పిస్తరు?" అన్నది. "మనం చెప్పకుంటె మన గురించి ఇంకెవలో రాసుకుంటరు బిడ్డా."

మనవాళ్లలో చాలామందికి చదువు రాదు కదా అన్నాను. అప్పటికే ఆ సంగతి ఫోన్‌లో తేల్చుకొచ్చింది. సాయానికి ఎవరైనా కూర్చోవచ్చు, టైపు చేయవచ్చు. జవాబు మాత్రం వాళ్లదే కావాలి, పక్కనుంచి అందించకూడదు.

మర్నాడు టెంటులోకి వెళ్లి ఒక్కొక్కరి పక్కన కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. మొదట అడ్డం తిరిగింది దర్జీ సాబ్. సుభాష్ రోడ్డు పక్క సందులో కుట్టుమిషన్ పెట్టుకున్న పెద్దాయన. ఉద్యమం బ్యానర్లలో సగం ఆయన చేతిలోనివే. నర్సమ్మను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేవారు.

"పేర్లు రాసుకొని పోలీసులకిస్తె ఏంజేస్తవ్ ఆపా? అసలే కేసులు పెడ్తున్రు."

"నీకు నిద్ర ఎన్ని గంటలు పడ్తదో తెలుసుకొని పోలీసులేం జేస్తరు తమ్మీ?"

టెంటంతా నవ్వింది. దర్జీ సాబ్ నవ్వలేదు, ఆ రోజు రాలేదు కూడా. నర్సమ్మ బలవంతపెట్టలేదు. రానన్నవాళ్లను మళ్లీ అడిగేది కాదు, వాళ్లతో మాట్లాడడం మానేదీ కాదు.

వచ్చినవాళ్లకు మాత్రం మొదటి పేజీ మొత్తం చదివి వినిపించమనేది. చేరడం మీ ఇష్టం, ఎప్పుడైనా మానుకోవచ్చు, మీరు చెప్పింది ఎవరికీ చెప్పం అని అందులో ఉండేది. ఎవరైనా తొందరపడి సరే సరే అంటే, "పూర్తిగ విను. ఇన్నంక సరే అను" అని ఆపేది. మా సెంటర్‌లో అంత నవ్వు అంతకుముందు లేదు. వారానికి ఎన్నిసార్లు వ్యాయామం చేస్తారని అడిగితే, కూరగాయలమ్మే ఒక అవ్వ "అదేంది?" అన్నది. ఊరికే నడవడం అవ్వా అన్నాను. "ఊరికెనే ఎవలన్న నడుస్తరా బిడ్డా?" అని నావైపు జాలిగా చూసింది. నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ, "అట్లనే కొట్టు. అదే ఆమె జవాబు" అన్నది.

కొన్నాళ్లకు దర్జీ సాబ్ తనంతట తానే వచ్చారు. మొదటి పేజీ చదివాను. చెవి దగ్గర చేయి పెట్టుకుని విన్నారు. "ఎవ్వలికి చెప్పరు గదా?" అని రెండోసారి అడిగి కూర్చున్నారు. నర్సమ్మ పక్కన ఉండొచ్చా అంటే ఉండమన్నారు. తిండి, నడక, నిద్ర అన్నీ అయ్యాయి. మీకున్న జబ్బులేమిటని అడిగేసరికి ఆయన లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"షుగరు. సూది మీద ఉన్న. ఇంట్ల మా ఆమెకు తప్ప ఎవ్వలికి ఎరుక లేదు."

నా వేళ్లు ఆగిపోయాయి. ఆ సోమవారం నుంచి టెంటులో వంతుల దీక్ష ముగిసి నిరవధిక దీక్ష మొదలవుతుందని ఊరందరికీ తెలుసు. కూర్చునేవాళ్లలో దర్జీ సాబ్ పేరు ముందుంది. మైకులో కూడా చెప్పేశారు.

నేను జవాబు టైపు చేశాను. చివరి ప్రశ్న దాకా నర్సమ్మ కానిచ్చింది. కంప్యూటర్ కట్టేశాక ఆయన వైపు తిరిగింది.

"సూది ఏసుకొని తినకుంటె పడిపోతవ్. సూది మానేసినా పడిపోతవ్. నువ్వు కూసోవద్దు తమ్మీ."

"పేరిచ్చిన ఆపా. ఇప్పుడు ఎనకకు జరిగితె భయపడ్డడంటరు. మా గల్లీల తలకాయ ఎట్ల ఎత్తుకోవాలె?"

"షుగరుందని చెప్పు. ఎవ్వలేమనరు."

"చెప్ప. సావనన్న సస్త గని, బీమారోడు అనిపించుకోను."

ఆయన వెళ్లిపోయాక, టెంటు పెద్దలతో మనమే చెబుదామన్నాను. ప్రాణం మీదికొచ్చే సంగతి కదా అన్నాను. నర్సమ్మ ఒప్పుకోలేదు. "ఎవ్వలికి చెప్పమని చదివినమా లేదా? మనల్ని నమ్మి తలుపేసి చెప్పిండు" అన్నది. తర్వాత, "సోమవారం దాక టైమున్నది. నాకిడిసిపెట్టు" అన్నది. ఆ గొంతులో తొణుకు లేదు. నాకు మాత్రం ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు.

సోమవారం టెంటు కిక్కిరిసింది. డప్పులు మోగుతున్నాయి. దీక్షకు కూర్చునేవాళ్ల మెడలో దండలు వేస్తున్నారు. దర్జీ సాబ్ తెల్లటి లాల్చీలో ముందు వరుసలో ఉన్నారు, ముఖం వాడిపోయి ఉంది. నర్సమ్మ జనంలోంచి నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

"ఇన్ని దినాల సంది మా ఆడోళ్లను ముంగట కూసోబెట్టి ఫోటోలు తీస్తున్రు. ఇయ్యాల చూస్తె అందరు మొగోళ్లే ఉన్నరు. రాష్ట్రం మాకొద్దా? నాకొక్క జాగ గావాలె. పెద్దదాన్ని, నోరు తెరిచి అడుగుతున్న. ఎవలిస్తరు?"

డప్పులు ఆగాయి. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సమ్మ ఎవరివైపూ ప్రత్యేకంగా చూడలేదు. దర్జీ సాబ్ మెల్లగా లేచారు. మెడలోని దండ తీసి రెండు చేతులతో ఆమెకిచ్చారు. "కూసో ఆపా" అన్నారు. తాను పక్కకు జరిగి నిలబడ్డారు. జనం ఈలలు, చప్పట్లు. అక్కకు జాగ ఇచ్చిండని వారం రోజులు ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది.

నర్సమ్మ కూర్చున్నది. ఆమెకు షుగర్ లేదు, గుండెజబ్బు లేదు. ఆమె జవాబులూ నేనే టైపు చేశాను కాబట్టి నాకు తెలుసు. అయినా పెద్ద ప్రాణం. దర్జీ సాబ్ మిషన్ తెచ్చి టెంటు మూలన వేసుకుని, బ్యానర్లు కుడుతూ పొద్దంతా అక్కడే ఉండేవారు. కొన్ని రోజులకు పోలీసులు వచ్చి అందరినీ దవాఖానకు తీసుకెళ్లి సెలైన్లు పెట్టించారు. నేను వెళ్లేసరికి, తాను పనిచేసిన వార్డులోనే పడుకుని, తాను పని నేర్పిన నర్సుల చేత తిట్లు తింటున్నది నర్సమ్మ. నన్ను చూసి దగ్గరికి రమ్మన్నది.

"ఈసారి కంప్యూటర్ల వాళ్లు పూటకేం తింటున్నరని అడుగుతరు గదా. ఏం చెప్పాలె బిడ్డా?" అని నవ్వింది.

అధ్యయనం ఆ తర్వాత కూడా సాగింది. మా ముసలివాళ్లు ప్రతిసారీ వచ్చారు. దర్జీ సాబ్ దవాఖానలో అందరిముందూ వరుసలో నిలబడి షుగర్ పరీక్ష చేయించుకునే దాకా మారారు. ఆ దండ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, నర్సమ్మ ఎత్తలేదు. నేనూ మా ఇంట్లో చెప్పలేదు.

మొన్న సమాధుల తోటలో పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక దర్జీ సాబ్ మనవడి భుజం పట్టుకుని ముందుకొచ్చారు. "నేను జాగ ఇచ్చిన్నని మీరందరు మెచ్చుకున్నరు. నేనియ్యలే. నా పానం పోతదని తెలిసి ఆపా అడిగి తీసుకున్నది. నా షుగరు సంగతి ఆమె మన్నుల పడేదాక ఎవ్వలికి చెప్పలే" అన్నారు. ఆయనే అందరిలో చెప్పారు కాబట్టి ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

ఆమెను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ టెంటు కాదు, రాష్ట్రం వచ్చిందన్న కబురు తెలిసిన రోజు. రోడ్డంతా గులాల్, పటాకులు. డప్పుల మధ్య దర్జీ సాబ్ చేతులెత్తి ఎగురుతున్నారు. నర్సమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి గులాల్ అంటిన వేళ్లతో ఆయన మణికట్టు పట్టుకుంది. చుట్టూ అంత గోలలోనూ తల వంచి, పెదవులు కదిలిస్తూ నాడి లెక్కపెట్టింది. తర్వాత చేయి వదిలేసి, "ఇంక జెరసేపు ఎగురు, పో" అన్నది. ఆయన మళ్లీ చేతులెత్తారు. తెల్లటి లాల్చీ చేతి అంచు మీద ఆమె మూడు వేళ్ల గులాబీ రంగు అచ్చులు పైకి లేచి, డప్పుల వైపు కదిలిపోయాయి.