కో-బ్రదర్‌ను కొట్టేసిన రోజు

ఢిల్లీలో ఒక ఇంగ్లీషు దినపత్రిక డెస్కులో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. దక్షిణాది విలేకరుల వార్తల్లో ‘కో-బ్రదర్’ కనబడితే నా పెన్ను ఊరుకునేది కాదు. అలాంటి మాట ఇంగ్లీషులో లేదని కొట్టేసి, పైన ‘బ్రదర్-ఇన్-లా’ అని రాసేవాణ్ణి. రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

మయూర్ విహార్‌లో మా సొసైటీకి సెక్యూరిటీ సూపర్‌వైజరు శ్రీకాకుళం వైపు మాజీ హవల్దారు. పోయిన చలికాలం ఒక పొద్దున, చేత్తో రాసిన కాగితం పట్టుకుని మా తలుపు కొట్టాడు.

“మా షడ్డకుడు పోనాడు సార్. గుండె నొప్పంట. సాయంత్రం బండికి ఎల్లాలి. ఈ లీవు లెటరు ఒక్కపాలి సూడండి.”

షడ్డకుడంటే తోడల్లుడు, ఇతని భార్య చెల్లెలి భర్త. కాగితంలో ‘మై కో-బ్రదర్ ఎక్స్‌పైర్డ్’ అని ఉంది. నేను ‘కో-బ్రదర్’ కొట్టేసి ‘బ్రదర్-ఇన్-లా’ అని రాశాను. ‘ఎక్స్‌పైర్డ్’ను కూడా ‘డైడ్’ చేశాను. అతను శుభ్రంగా తిరగరాసి, ఫొటో తీసి సెక్యూరిటీ ఏజెన్సీ ఆఫీసుకు పంపాడు.

మధ్యాహ్నం పార్కులో ఎండకు కూర్చున్నాను. అతను గబగబా వచ్చాడు. ఫోను స్పీకరు మీద ఉంది.

“లీవు ఆపీసినారు సార్. మీరే ఇనండి.”

అవతల ఏజెన్సీ గుమస్తా, హర్యానా యాస. “హవల్దార్ సాబ్, ఆప్‌కా సాలా హర్ సాల్ మర్‌తా హై క్యా?”

మీ బావమరిది ఏటేటా చచ్చిపోతాడా అని వెటకారం. అంతకు ముందు ఏడాది ఇతను పదిహేను రోజుల సెలవు తీసుకున్నాడు. ఫైల్లో కారణం ‘బ్రదర్-ఇన్-లా ఎక్స్‌పైర్డ్’ అని ఉంది.

“అది బావమరిది సార్. మా ఆవిడ అన్న,” అన్నాడు నాతో. “ఇది షడ్డకుడు. నేను కో-బ్రదర్ అనే రాసినాను. మీరే కొట్టీసినారు.”

ఫిర్యాదు చేయడం లేదు, జరిగింది చెబుతున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “ఏడాది కిందట మా మరదలికి అన్న పోనాడు. ఇప్పుడు మొగుడు. ఆ ఇంటికి ఇక మగదిక్కు నేనే సార్.”

ఆఫీసు వాళ్లకు అనుమానం తెప్పించినవి రెండు చావులు. అతను వెళ్లి తీరాల్సిన కారణమూ ఆ రెండే.

ఫోను నేను తీసుకుని, ఇప్పుడు పోయింది ఈయన భార్య చెల్లెలి భర్త అని ఇంగ్లీషులో వివరించాను.

“వో భీ తో బ్రదర్-ఇన్-లా హువా నా, అంకుల్‌జీ?” అదీ బ్రదర్-ఇన్-లానే కదా అన్నాడు గుమస్తా. అతను చెప్పిందీ నిజమే.

హవల్దారు ఉండబట్టలేక ఫోనులోకి వంగాడు. “షడ్డకుడని సెప్పండి సార్, షడ్డకుడు!”

“క్యా? సాఢూ?” అవతలి గొంతు మారింది. “అచ్ఛా, సాఢూ గుజర్ గయా! అరే, పహ్‌లే బోల్‌నా థా. మాఫ్ కర్‌నా, హవల్దార్ సాబ్.” ఆ మాట ముందే చెప్పాల్సింది, ఉత్తరం మార్చి పంపితే చాలన్నాడు.

హిందీలో తోడల్లుడే సాఢూ. హర్యానా సాఢూ, శ్రీకాకుళం షడ్డకుడు పక్కపక్క ఇళ్ల వాళ్లలా పలకరించుకున్నారు.

బెంచీ మీదే కొత్త ఉత్తరం రాశాను. బ్రదర్-ఇన్-లా లోని ‘లా’ మామూలు చట్టం కాదు. ఎవరు ఎవరిని పెళ్లాడకూడదో చెప్పే పాత చర్చి చట్టం. దానికి నిషేధమే ముఖ్యం గనక బావనూ బావమరిదినీ మరిదినీ ఒకే గాటన కట్టేసింది. ‘కో’ లాటిన్ నుంచి వచ్చింది, అర్థం ‘తోడు’. తోడల్లుడిలోని తోడును మనవాడెవడో జాగ్రత్తగా అక్కడ పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లూ నేను కొట్టేసింది దాన్నే. ఈసారి నా చేత్తో ‘కో-బ్రదర్’ అని రాసి, ‘అనగా నా భార్య చెల్లెలి భర్త’ అని ఇంగ్లీషులో చేర్చాను.

మూడింటికి సెలవు మంజూరైనట్టు మెసేజ్ వచ్చింది. అతను యూనిఫారం మీదే స్వెట్టరు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని మెట్రో వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ఫోను చేశాడు. వెనక ఆడవాళ్ల మాటలు వినబడుతున్నాయి.

“నిన్న సేరినాను సార్. మరదలు అంతవరకూ మెతుకు ముట్టలేదంట. నేనూ మా ఆవిడా కూకోబెట్టి ఇంత తినిపించినాం.”