కారు కప్పు కోయబోయిన రాత్రి

ముందే చెబుతున్నాను... ఇది నేను అల్లింది కాదు. నా కుట్టుమిషన్ మీద ఒట్టు. రోజూ దాని ముందే కూర్చుని బతకాలి, దాని మీద ఒట్టేసి అబద్ధం ఎలా చెబుతాను? నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఆయన సూరి కూడా పగలైతే నవ్వుతాడు. చీకటి పడ్డాక అడిగి చూడండి... మాట మార్చేస్తాడు.

మేం ఉండేది బర్మాలో, యాంగోన్‌లోని సంచౌంగ్ పేటలో. రెండంతస్తుల చెక్క ఇల్లు. పైన ఇంటావిడ డో మ్యా ఉంటుంది. ఎనభై దాటాయి. చెవులు సరిగ్గా పనిచేయవు, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. మేం ఆవిడని అఫ్వా అంటాం, బర్మా మాటల్లో అమ్మమ్మ అని. కింద భాగంలో మేం అద్దెకుంటాం. సూరి సేక్కాన్ రేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్. నేను ఇంట్లోనే టాక్సీలకి సీటు కవర్లు కుడతాను.

ఇంటి పక్కన సిమెంటు నేల ఉన్న షెడ్డు. అందులో డో మ్యా భర్త యూ తెయిన్ కారు. ఆయన చౌక్తడాలో కోర్టు ప్లీడరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో అమెరికా నుంచి ఓడలో దిగిన రెండు తలుపుల బండి అది. ఆయన పోయి పదిహేడేళ్ళు. అప్పట్నుంచీ అందులో ఎలుకలు కాపురం చేస్తున్నాయి. రెండేళ్ళ క్రితం డో మ్యా తాళాలు తెచ్చి సూరి చేతిలో పెట్టింది. "తీసుకో కో సూరి. ఏమైనా చేసుకో. కానీ ఏం చేసినా నాకు చెప్పి చెయ్యి" అంది. కో అంటే ఇక్కడ మగవాళ్ళని మర్యాదగా పిలిచే మాట. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే.

సూరికి హాట్ రాడ్ పిచ్చి. యుద్ధం అయిపోయాక అమెరికా కుర్రాళ్ళు పాత కార్ల మడ్‌గార్డులు పీకేసి, కప్పు కోసి కిందకి దించి, పెద్ద ఇంజను ఎక్కించి రయ్యిమని తిరిగేవాళ్ళట. అచ్చం ఆ కాలం పద్ధతిలోనే మన బండి చెయ్యాలన్నాడు. నేను మొదట్లో తిట్టిపోశాను. తర్వాత ఎప్పుడు మారానో నాకే తెలీదు... ఎర్ర రెక్సిన్ తెచ్చి, నిలువు మడతలు పెట్టి, ఒక్కో మడతలో దూది కూరి, ఆ కాలం సీటు కుట్టాను. అలాంటి సీటు నా జన్మలో కుట్టలేదు. కుట్టిన రోజు పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించుకున్నాను. నిజంగా సంతోషమేసింది.

మడ్‌గార్డులు తీసేటప్పుడు డో మ్యాకి చెప్పాం. పెదవి విరిచింది, సరేనంది. ఇంజను సంగతి చెప్పాం. సరేనంది. ఇక మిగిలింది కప్పు. నాలుగు వేళ్ళ మేర కోసి కిందకి దించాలి. అది మాత్రం... చెప్పలేదు.

"అడిగితే వొద్దంటది" అన్నాడు సూరి. "కప్పు దించకపోతే ఇది హాట్ రాడ్ ఏటే? మడ్‌గార్డుల్లేని ముసిలి బండి. రెండేళ్ళ కష్టం గంగపాలైందని ఏడవాల."

"సెప్పకుండా కోసేస్తావేటి? ఆవిడికి మొగుడిది అదొక్కటే మిగిలింది. ఒకసారి కోసినాక మల్లీ అతికినా ఆవిడ మనసు అతకదు."

"కోసినాక సెప్తాన్లే."

"అప్పుడు సెప్పడమేటి? ఆవిడికి సెవులే లేవు, కళ్ళు ఉన్నాయి కదా!"

ఇంత మాట్లాడి, నేనూ మెట్లెక్కి వెళ్ళి చెప్పలేదు. ఆ తప్పు నాది కూడా. రెండేళ్ళుగా అతని చేతులు చూస్తున్నాను మరి. అతని ఆశ తుంచడానికి నాకు నోరు రాలేదు.

మా ఊళ్ళో కరెంటు వంతులవారీగా వస్తుంది. ఆ వారం మా వంతు రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా. ఒంటిగంట కొట్టేసరికి వీధంతా లేస్తుంది. నీళ్ళ మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు, ఫోన్ చార్జర్లు... మాకైతే ఇనుము కోసే గ్రైండరు. అందుకే ఆ వేళకి షెడ్డులో ఉన్నాం. దెయ్యాల వేళ చూసుకుని వెళ్ళలేదు.

బండిలో అప్పటికి ఏముందో చెప్పాలి. ఏమీ లేదు. ఇంజను పక్కన పలకల మీద ఉంది. గేరుబాక్సు లేదు. బ్యాటరీ లేదు. ఉత్త డొల్ల, నాలుగు చక్రాలు, స్టీరింగు, నా ఎర్ర సీటు. అంతే. కప్పు కింద స్తంభాల మీద సూరి సుద్దతో గీతలు గీశాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. నేను లైటు పట్టుకున్నాను. గ్రైండరు నొక్కాడు. జుయ్యిమంది. దాని చక్రాన్ని సుద్ద గీత దగ్గరకి తెచ్చాడు... ఇంకా తగల్లేదు...

టిక్. బండిలోంచే.

సూరి వేలు తీసేశాడు. గ్రైండరు వెంటనే ఆగదు కదా... జుయ్య్... య్య్... అంటూ నెమ్మదించింది. పూర్తిగా ఆగాక దాన్ని కింద పెట్టాడు.

అప్పుడు బండి కదిలింది.

ముందుకి. ఒక జానెడు. నేల మీద ఇనప రజను ఉంది, దాని మీద టైరు కరకరమంది. నా మోకాలి పక్క నుంచి తలుపు పిడి మెల్లగా జరిగి వెళ్ళింది. ఆగింది. నేను సూరి వైపు చూశాను. అతను బండికి దూరంగా, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

వెనక్కి. స్ప్రింగులు కిర్రుమన్నాయి. లోపల ఎవరూ లేరు. నేను లైటు నేరుగా లోపలికే పట్టాను... ఎవరూ లేరు. స్టీరింగు మాత్రం కొంచెం ఎడమకి తిరిగింది.

మళ్ళీ ముందుకి... మళ్ళీ వెనక్కి. తొందర లేదు. దోమ నా చెయ్యి కుడుతోంది, తెలుస్తోంది, కొట్టలేకపోయాను. మూడోసారి ముందుకి... వెనక్కి వస్తూ గోడకి టక్కుమని తగిలింది. చిన్న చప్పుడే. ఆగిపోయింది.

బయట వీధిలో మోటార్లు మామూలుగానే మోగుతున్నాయి.

"మూడుసార్లు..." అన్నాడు సూరి. "సెట్టుకి మొక్కుకుంటంది."

ఇక్కడి ఆచారం అది. బండి కొంటే ముందు నాట్ దేవతల చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, పూలు కట్టి, ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడిపి దణ్ణం పెట్టిస్తారు. మేం మనవాళ్ళ పద్ధతిలో చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊరుకున్నాం. ఇంజనే లేని బండిని చెట్టు దాకా ఎవరు తోస్తారని సూరే అన్నాడు.

"ఇటుకలు ఎయ్యలేదేటి చక్రాలకి?" అన్నాను.

"ఏసినాను." వంగి చక్రాల కింద చూశాడు. "ఏసినాననుకుంటన్నాను."

ఇటుకలు గోడ పక్కన ఉన్నాయి. ఎవరు తీశారో, అసలు వేశాడో లేదో ఇప్పటికీ తేలలేదు. ఇంట్లోకి పరిగెత్తాం. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, లైట్లన్నీ వేసుకున్నాం... ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు.

తెల్లారగానే నేను మెట్లెక్కాను. డో మ్యా అప్పుడే టీ పోసుకుంటోంది. ముందు కప్పు సంగతే చెప్పాను. చెవి దగ్గర అరిచి చెప్పాలి, అందుకని సిగ్గు రెట్టింపయింది. "తప్పయింది అఫ్వా. మీకు చెప్పకుండా కోసేద్దామనుకున్నాం." ఆవిడ నా వైపు చూడలేదు. గిన్నె పట్టుకుని అలాగే కూర్చుంది. ఇక గబగబా రాత్రి బండి కదిలిన సంగతి మొదలుపెట్టాను.

"ముందుకీ వెనక్కీనా?" అంది.

"అవును."

"మూడుసార్లా?"

"అవునఫ్వా. దణ్ణం పెట్టిందంటున్నాడు మీ కో సూరి."

"చివర్లో గోడకి తగిలిందా?"

ఆ మాట నేనింకా చెప్పలేదు. మిషన్ మీద ఒట్టు... చెప్పలేదు.

డో మ్యా నవ్వడం మొదలుపెట్టింది. గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. "దణ్ణమా! మా ఆయన ఏ చెట్టుకీ దణ్ణం పెట్టలేదు పిల్లా. ఆయనకి బండి పెట్టడం చేతకాదు! కోర్టు నుంచి వచ్చి, ముందుకీ వెనక్కీ మూడుసార్లు జరిపితే గానీ ఆ షెడ్డులో ఇరికించలేడు. మూడోసారి గోడకి కొట్టేవాడు. పైనుంచి నేను అరిచేదాన్ని."

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నా నీళ్ళు ఆగలేదు.

"ఆయన కోర్టులోనే కుప్పకూలిపోయాడు కదా" అంది. "బండి అక్కడే ఉండిపోయింది. మర్నాడు ఎవరో తెచ్చి ఒక్క ఊపులో షెడ్డులో పెట్టి వెళ్ళిపోయారు. గోడకి తగలనే లేదు." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళకి ఇంటికొచ్చి బండి పెట్టాడు. ఇంక తియ్యడు. కొయ్యండి."

సూరి ఆ రోజే నీళ్ళ గొట్టంతో నేల మట్టం కొలిచాడు. వాలు లేదు. మోటార్ల అదురంటాడు ఒకసారి. గ్రైండరు అదురంటాడు ఇంకోసారి. వీధిలో ఎవరికీ ఏ అదురూ తెలియలేదు. బండి ఇప్పుడు నడుస్తోంది. ఆదివారం ఆదివారం డో మ్యా నా ఎర్ర సీట్లో కూర్చుని నది ఒడ్డుకి వస్తుంది. కప్పు కిందకి దిగింది కాబట్టి వంగి ఎక్కుతూ సూరిని తిడుతుంది. మేం ముగ్గురం హాయిగానే ఉన్నాం. కానీ ఆ రాత్రి ఏమిటది అంటే... నాకు తెలీదు.

బండి కదిలిన మర్నాడు రాత్రి ఒంటిగంటకి కరెంటు రాగానే డో మ్యా కూడా కిందకి దిగింది. షెడ్డులో కుర్చీ వేశాను. సూరి ఈసారి ఆగలేదు. నిప్పురవ్వలు లేచాయి. సుద్ద గీత వెంట ఇనుము తెగుతూ వచ్చింది. రెండేళ్ళుగా నేను చూడాలనుకున్నది అదే... చూడలేదు. కళ్ళు చక్రాల మీదే ఉన్నాయి. అవి కదల్లేదు. కాసేపటికి డో మ్యాకి చలేస్తోందేమోనని పక్కకి తిరిగాను.

ఆవిడా కప్పు వైపు చూడటం లేదు. చక్రాల వైపే చూస్తోంది.