శాలువా అనగానే లేచిన రాజులు

మా బడి కరస్పాండెంట్‌కు నవ్వు గిట్టదు. వరంగల్ నుంచి వర్ధన్నపేట పోయే రోడ్డు మీద ఉంది మా బడి. వరండాలో పిల్లలు నవ్వితే ఎండలో నిలబెడతారు, టీచర్లు నవ్వితే మెమో ఇస్తారు. తెలుగు చెప్పే నాకు మెమోలు కొత్త కాదు. ఎదురు చెబితే ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగం మీదే మా ఇల్లు నడుస్తోంది. ఆ మంటంతా కడుపులో పెట్టుకుని, వార్షికోత్సవానికి నవ్వును నిషేధించిన ఒక రాజు కథను నాటకంగా రాశాను.

ఆయన చదవనిదే ఏ నాటకమూ స్టేజీ ఎక్కదు. ఆయన చదువుతుంటే ఎదురుగా నిలబడి మిగిలిన పేజీలు లెక్కపెట్టుకున్నాను. చివరి పేజీకి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

“మా బామ్మర్దిని మంచిగ దించిన్రు మేడం! హన్మకొండల ఆని స్కూల్ల గిదే కత. ఆన్నే చీఫ్ గెస్టుగ పిలుస్త. ముంగట కూసొని సూడనియ్!”

ఆ రోజు బావా బామ్మర్దులిద్దరూ ముందు వరుస సోఫాలో కూర్చున్నారు. నాటకంలో మంత్రి వేషం వేసిన అమ్మాయి మైకు అందుకుంది.

“ప్రజలను నవ్వు బాధ నుంచి కాపాడిన మహాప్రభువును ఇప్పుడు శాలువాతో సత్కరిస్తున్నాం!”

మా దగ్గర శాలువా లేని సభ ఉండదు. ఆ మాట చెవిన పడితే చాలు, పెద్దమనుషుల కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఇద్దరూ లేచారు. చొక్కాలు సర్దుకుంటూ మెట్లెక్కి, కిరీటం పెట్టుకున్న పిల్లవాడికి చెరోపక్క మెడలు వంచి నిలబడ్డారు.

హాలంతా ఘొల్లుమంది. నా ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాను. ఇద్దరూ తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మా సారు పళ్లు నేను చూడటం అదే మొదలు.

మరునాడు పొద్దున్నే ఆఫీసుకు పిలిచారు.

“సూసిన్రా మేడం! శాలువ అనంగనే ఎట్ల ఉరికిండో! ఆని కతే అని ఆనికి ఎరుకైంది.”

“మరి మీరు సార్?” అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. ఎత్తితే ఆ బామ్మర్దిగారు.

“మా బావను మంచిగ పట్టినవమ్మా! మా స్కూలుకు గూడ గసొంటి నాటకం ఒకటి రాసియ్యి.”

ఇక నవ్వు ఆగలేదు. నిలబడ్డది వరండాలో. నోరు మూసుకుని బాత్రూంలోకి ఉరికి, గడియ పెట్టుకున్నాను. పక్క తలుపు వెనక అప్పటికే ఎవరో నవ్వుతున్నారు.