బస్సు రాదని చెప్పడానికి

గుత్తి నుంచి నల్లగుట్టపల్లెకు ఆ రోజుల్లో ఒకటే బస్సు. గంగాధరప్ప షావుకారుది. దాని డ్రైవరు పీరాసాబ్. పిల్లలు లేరు. భార్య మదీనాబీ చనిపోయాక ఇల్లంటే అతనికి పడుకునే చోటు, అంతే. మాట్లాడటానికి మిగిలినవాడు కండక్టరు రామాంజులు ఒక్కడే.

యాభై తొమ్మిదిలో వానల్లేవు. బళ్ళారి గనుల దగ్గర లారీలకు మనుషులు కావాలని కబురొచ్చింది. ముందు రెండో డ్రైవరు గోవిందప్ప పోయాడు. వెనకే రామాంజులూ మూట కట్టుకున్నాడు.

"నువ్వు గూడా రాన్నా. ఈ డొక్కు బండి పట్టుకోని ఏం చేస్తావు?"

"నేనొస్తే దీన్ని తోలేదెవరప్పా?" అన్నాడు పీరాసాబ్.

అప్పట్నుంచి టిక్కెట్లు చింపేదీ, రేడియేటరులో నీళ్ళు పోసేదీ, బండి తోలేదీ అతనే. అతనికి జ్వరమొస్తే ఆ రోజు బస్సు లేదు. బండి చెడితే వెంటనే వచ్చే మేస్త్రీ లేడు. జనం విసిగిపోయి ఎద్దుల బండ్లెక్కారు. చాలాసార్లు అద్దంలో ఖాళీ సీట్లూ, వాటి మీద ఎర్రటి దుమ్మూ తప్ప ఏమీ కనిపించేవి కావు.

పల్లెలోని ముసలి ఆంజినమ్మ మాత్రం బస్సు మానలేదు. ప్రతి శుక్రవారం పల్లె బయట రాళ్ళమిట్ట దగ్గర బస్సెక్కేది. గుత్తిలో ఆమె చెల్లెలు లక్ష్మీనరసమ్మ ఉండేది. కళ్ళు కనపడవు, ఇళ్ళవాళ్ళకు పిండి విసిరి బతికేది. ఆమెకు తల రుద్ది నీళ్ళు పోసి, వండిపెట్టి, సాయంత్రం బస్సుకు ఆంజినమ్మ తిరిగొచ్చేది.

ఒక శుక్రవారం దారిలో యాక్సిల్ విరిగింది. బాగుచేయించుకుని రెండు రోజుల తర్వాత పల్లెకు పోతే, ఎద్దుల బండి తిమ్మన్న ఎదురొచ్చాడు.

"ఆంజినమ్మవ్వ ఎండకు పడిపోయిందన్నా. బస్సు వస్తాదని పొద్దుగూకే దాకా మిట్ట కాడ్నే కూర్చోనింది."

పీరాసాబ్ ఆమె గుడిసెకు పోయాడు. నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని ఉంది. అలికిడికి కళ్ళు తెరిచి, "బస్సు వచ్చిందా సాయిబూ?" అని లేవబోయింది.

నెల తిరగక ముందే బండి మళ్ళీ మొరాయించింది. అదీ శుక్రవారమే. చక్రాల కింద రాళ్ళు పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, చేలకు అడ్డంపడి పీరాసాబ్ మిట్ట దాకా నడిచాడు.

"ఈ పొద్దు బస్సు రాదమ్మా. ఇంటికి పో."

ఆమె అతని కాళ్ళ వంక, దుమ్ము వంక చూసింది. "రాదని చెప్పేదానికి ఇంత దూరం నడిచొచ్చినావా నాయనా?"

చెల్లెలి కోసం కట్టుకున్న సంగటి మూట విప్పి అతని ముందు పెట్టింది. రామాంజులు పోయాక, పక్కన ఒక మనిషి ఉండగా తినడం అదే మొదలు.

ఆ తర్వాత ఏ శుక్రవారం బస్సు చెడి ఆగినా, ఆమెకు చెప్పడానికి అతను నడిచి వెళ్ళేవాడు.

మరుసటి ఎండాకాలం షావుకారు బస్సు అమ్మేశాడు. "మనుషులు దొరకలేదు పీరా. నువ్వొక్కడివి ఎన్నాళ్ళని తోలతావు?"

"రేపొక్క ట్రిప్పు పోయొస్తానన్నా," అన్నాడు పీరాసాబ్.

తెల్లారితే శుక్రవారం. పొద్దున్నే నేరుగా లక్ష్మీనరసమ్మ ఇంటి ముందు బస్సు ఆపాడు. "ఇంక మీ అక్క వచ్చేదానికి కుదరదమ్మా, రేపట్నుంచి బస్సు లేదు. నువ్వే ఆమె దగ్గరికి పోవల్ల."

ఆమె గడప తడుముకుంటూ నిలబడింది. "నా విసుర్రాయి గూడా ఎక్కించుకుంటావా?" అని అడిగింది.

మిట్ట దగ్గర చెల్లెలు దిగగానే ఆంజినమ్మ "నరసూ!" అని గట్టిగా కావలించుకుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని ముందు నడిచారు. విసుర్రాయి భుజాన మోస్తూ పీరాసాబ్ వెనక నడిచాడు. తినిపొమ్మని ఇద్దరూ బతిమాలారు. "బండి అప్పజెప్పల్లమ్మా," అని వచ్చేశాడు.

తిరుగు దారిలో ప్రతి స్టాపు దగ్గరా బండి నెమ్మది చేశాడు. ఎవరూ ఎక్కలేదు.

పదిహేను రోజులకు బళ్ళారి చేరాడు. రామాంజులు అంతకు ముందే వేరే ఊరికి పోయాడట, ఏ ఊరో ఎవరికీ తెలియదు. గని ఆఫీసువాళ్ళు పీరాసాబ్‌కు ఒక లారీ ఇచ్చారు. క్లీనరు దొరికేదాకా ఒక్కడివే తోలాలన్నారు. సరేనన్నాడు.