చిట్టియ్య నోరు

కాలువ నీళ్లన్నీ పాపారాజుగారు తన చేపల చెరువుకే మళ్లించుకుంటే, ఆయన పొలమే కౌలుకు చేస్తున్న చిట్టియ్య గట్టుమీదే నిలదీశాడు. “మీ చేపలు ఈదుతూనే ఉన్నాయి కదండీ, దాహం నా వరికండీ!” జనం నవ్వేసరికి రాజుగారు తూము తెరిపించారు. చిట్టియ్య పక్కింటి మార్తమ్మ కళ్లారా చూసింది.

ఆ గెలుపుకు శిక్షగా మరుసటేడు పొలమూ చెరువైంది. నోరున్న యాభై ఏళ్లవాడికి ఎవరూ కౌలివ్వలేదు, కూలికీ పిలవలేదు.

ఓ పొద్దున అతను పురుగుమందు డబ్బా తెచ్చి మార్తమ్మ చేతిలో పెట్టాడు.

“పొలం పోయినా ఇది మిగిలింది పెద్దమ్మా. ఇంట్లో ఉంటే మనసు దీనిమీదికే పోతోంది. నీ పెట్టెలో పెట్టి తాళం వేసెయ్.”

“వేస్తాలే. నీ నోటికేదిరా తాళం?”

అతను నవ్వలేదు. “నేనే వచ్చి గొడవపడి అడుగుతాను. ఈసారి నన్ను గెలవనివ్వకు.”