టీకాకు తోడొచ్చిన గొంతు

దేవరాపల్లి ఆశా కార్యకర్త తలుపులమ్మ గొంతెత్తిందంటే చెరుకు తోటల్లో అడవిపందులు కూడా దారి వెతుక్కునేవి. పెళ్లయిన కొత్తలో "కాస్త మెల్లగా మాటాడమ్మా" అని అత్తగారు బతిమాలేది. తర్వాత ఆ గొంతే ఆమెకు ఉద్యోగమైంది. టీకాల రోజున ఒక్క కేక వేస్తే చాలు, వీధి వీధంతా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేసేది.

పోయిన నెల జలుబు చేసి ఆ గొంతు కాస్తా పూడుకుపోయింది. ఆ టీకాల రోజున నర్సు సువార్త మందుల పెట్టె ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. వచ్చింది ఒక్క మేక.

అది విని, అనకాపల్లిలో టీకాల ల్యాబులో పనిచేసే కూతురు రాజశ్రీ ఫోనులో పడీ పడీ నవ్వింది.

"కొన్ని టీకాలూ అంతేనమ్మా. ఒంట్లోకి ఒంటరిగా ఎళ్తే కాపలా కణాలు పట్టించుకోవు. అందుకే బాక్టీరియా ప్రొటీను ఒకదాన్ని తోడిచ్చి పంపుతాం. దాన్ని సూడగానే అవి ఉలిక్కిపడి లేత్తాయి. పక్కనున్న టీకాని బాగా గుర్తెట్టుకుంటాయి."

"మరి అది రోగం తెత్తాదేటే?"

"తేదు. అరిసి లేపుతాదంతే."

"అంటే నానే."

"నువ్వే."

ఆ సంబరానికి తలుపులమ్మ కాళ్లు నేలమీద నిలవలేదు. మరుసటి టీకాల రోజుకి గొంతు తిరిగొచ్చింది, వీధి నిండిపోయింది. సూది పడిన మొదటి పసివాడు ఆరున్నొక్క రాగం ఎత్తుకోగానే వరసలో పిల్లలంతా అందుకున్నారు. తల్లులు ఊరుకోబెట్టబోతే తలుపులమ్మ అడ్డుపడింది.

"అరవనీయండమ్మా. లోపలోళ్లు లెగాల."